మెయిలాయన

పంపిన ఉత్తరాల వరసలో ఆమె రాయని ఉత్తరం ఇంకొకటి ఉంది.

మౌస్ మీద పడి ఉన్న నీలం పొడిని గుడ్డపేలికతో తుడిచి, కుర్చీ ముందుకు జరుపుకుని మళ్ళీ చూసింది. పొరపాటు లేదు. నిన్న మధ్యాహ్నం, హోటళ్ళకు కర్టెన్లు కొనే మేడమ్‌కి వెళ్ళింది. కింద మాస్టర్ పేరు, పక్కన కోటు వేసుకున్న మాస్టర్ ఫోటో, ఆ కింద సంస్థ గుర్తు. అవన్నీ ఆమె అమర్చినవే. మధ్యలో ఉన్న మాటలు మాత్రం ఆమెవి కావు.

"మేడమ్, నాతో అంత తీయగా మాట్లాడకండి. నేను మీరనుకునేంత మంచివాణ్ణి కాదు. గుడ్డ కావాలంటే గుడ్డ సంగతి అడగండి. కబుర్లు కావాలంటే మీ ఇంట్లోవాళ్ళతో చెప్పుకోండి."

ఆమె దాన్ని ఇంకోసారి, ఈసారి పైకి, చదివింది.

కిందటి వారం భాగంలో మనం ఈ కర్టెన్ల వర్క్‌షాపు గుమ్మం దాటి బయటికొచ్చేసరికి మొదటి ఉత్తరం గొడవ సద్దుమణిగినట్టే కనిపించింది. రంగు మళ్ళీ మార్చమన్నందుకు "మీ కళ్ళకి అసలు రంగులు కనిపిస్తాయా?" అని ఎవరో మాస్టర్ పేరు మీద మేడమ్‌కి రాసి పడేశారు. మాస్టర్ భార్య అయిన ఆమే ఆ రోజంతా కూర్చుని జవాబు తయారు చేసింది. బయటివాళ్ళెవరో మా ఖాతాలో దూరారు, పాస్‌వర్డ్ మార్చేశాం, ఇక ఇలా జరగదు, మాది హామీ అని రాసింది. మేడమ్ నమ్మింది. కొత్తగా లేస్తున్న హోటల్లో ప్రతి కిటికీకీ కర్టెన్లు మీరే కుట్టండి అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఆ ఒక్క మాట మీదే వర్క్‌షాపులో కుట్టుమిషన్లన్నీ తిరుగుతున్నాయి. అది లేకపోతే సగం మిషన్లకు ముసుగులు కప్పాల్సిందే.

ఇప్పుడా హామీ గంగలో కలిసింది.

అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. కొత్త పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ముగ్గురే. ఆమె, ఆమె భర్త, ఆమె ఆడపడుచు. ఖాతా తెరుచుకునేది ఈ గాజు గదిలో ఉన్న కంప్యూటర్లోనే. అంటే ఆ రాత రాసిన చెయ్యి బయటిది కాదు. ఆమె కూర్చునే కుర్చీలోనే కూర్చుని, ఆమె వాడే మీటలే నొక్కి, లేచి వెళ్ళింది.

పైన మేడమ్ జవాబు అప్పుడే వచ్చి పడింది. ఎప్పుడూ నాలుగు పంక్తులకు తగ్గని మనిషి ఈసారి రెండే రాసింది. "ఇవాళ పదకొండింటికి వీడియోలో కలుద్దాం. ఉత్తరాలు రాసేవారే స్వయంగా మాట్లాడాలి."

ఉత్తరాలు రాసేవారు. ఆ మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. ఎందుకంటే అలాంటి మనిషి లేడు.

మాస్టర్ ఉన్నాడు. అందరూ మాస్టర్ అనే పిలిచే ఆమె భర్త, కత్తెర పట్టుకుంటే ఎంత జారుడు గుడ్డయినా చెప్పినట్టు వింటుంది. మాటే వినదు. వెనకటికి ఒక కొనుగోలుదారు, కొలతల్లో చిన్న సవరణ ఉంది, వీలవుతుందా అని మర్యాదగా అడిగితే, "ముందే ఏడవాల్సింది" అని జవాబిచ్చాడు. మనసులో ఏమీ లేదు. మిషన్ల మోతలో పనివాళ్ళతో ఎలా అరుస్తాడో అలాగే రాశాడు. ఆ కొనుగోలుదారు మళ్ళీ కనిపించలేదు.

తరవాత ఆ పని ఆడపడుచు చేతికొచ్చింది. ఆవిడది ఇంకో దారి. తెల్లారేసరికి కొనుగోలుదార్లందరికీ మంచుబిందువులు తళతళలాడే గులాబీ బొమ్మ, శుభోదయం, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు ఒక వరస. సరుకు ఆలస్యమైతే ఏడుపు మొహం బొమ్మ. ఒకాయన పాపం విసుగెత్తి, అమ్మా, నాకు గులాబీలు వద్దు, బిల్లు పంపండి అని రాశాడు.

అప్పుడు దిగింది ఆమె. స్టూడియోలో ఎవరిదో కోటు అడిగి తెచ్చి భర్తకు తొడిగి ఫోటో తీయించింది. మాస్టర్ పేరు కింద తనే రాయడం మొదలుపెట్టింది. ఏ మాటా పచ్చిగా పోకూడదని పద్ధతి పెట్టింది. రాసినదాన్ని ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి పైకి చదవాలి. చెవికి గుచ్చుకున్నచోట మార్చాలి. కోపంలో రాసిందయితే పంపకుండా ఒక రాత్రి ఆపాలి. పనివాళ్ళు ఆమెకు చాటుగా ఇస్త్రీ అక్క అని పేరు పెట్టారు. ఆమె చెవిన పడ్డా ఊరుకుంది, ఎందుకంటే నిజమే కదా.

ఆ ఇస్త్రీలోంచి ఒక మనిషి తయారయ్యాడు. కోపం రాదు. తొందర లేదు. తప్పు తనదైతే ముందే ఒప్పుకుంటాడు, ఎదుటివాళ్ళదైతే వాళ్ళకు నొప్పి తెలియకుండా చెప్తాడు. మేడమ్ కొత్త పదవిలోకి వచ్చిన సంగతి గుర్తు పెట్టుకుని అభినందిస్తాడు. సాయంత్రం కత్తెర కింద పెట్టి చేతులు దులుపుకుంటూ మాస్టర్ అడిగేవాడు.

"ఇవాళ మెయిలాయన ఏమంటున్నాడు?"

మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

నవ్వు ఎప్పుడు ఆగిందో ఆమెకు బాగానే గుర్తుంది. మేడమ్ ఒకసారి, "మీ ఉత్తరం చదివితే ఆ రోజు చికాకంతా దిగిపోతుంది. మీలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు" అని రాసింది. భోజనాల దగ్గర ఆమె దాన్ని భర్తకు పైకి చదివి వినిపించింది. చదివి, తల ఎత్తి అతని వంక చూసింది. మంచినీళ్ళు తాగి లేచిపోయాడు.

ఆ రాత్రే ఆమె మేడమ్ ఫోటోను వేలితో పెద్దది చేసి చూసింది. పొట్టి జుట్టు, చెవులకు చిన్న ముత్యాలు, అలసిపోయినా అందంగా ఉన్న కళ్ళు. మెచ్చుకోలు వెళ్ళాల్సింది తనకు, వెళ్ళింది మొగుడికి. పోనీ మొగుడికే అనుకుందామంటే, పరాయి ఆడది ఎవరో తన మొగుణ్ణి మెచ్చుకోవడమేమిటని ఇంకోపక్క మంట. రెండు మంటలూ కలిసి ఎటు ఆర్పాలో తెలియలేదు. ఆ జవాబును రెండుసార్లు ఇస్త్రీ చేసింది. ముడతలు పోయాయి గాని వేడి తగ్గలేదు.

అయినా ఆమె సంస్థ పరువు ఎన్నడూ తీయలేదు. తీసింది ఇంకెవరో.

ఆమె అనుమానం నేరుగా ఆడపడుచు మీదికే పోయింది. పోకేం చేస్తుంది. గులాబీలు ఆపించిన రోజు నుంచి ఆవిడ ప్యాకింగ్ బల్ల దగ్గరే ఉంటోంది. మెయిళ్ళ ప్రస్తావన వస్తే చాలు, మూతి మూడు వంకరలు తిరుగుతుంది. ఆమె గుడ్డపేలికను చేతిలో అలాగే పట్టుకుని, మిషన్ల మధ్య నుంచి వెనక గదికి నడిచింది.

ఆడపడుచు అట్టపెట్టె మీద మోకాలు ఆనించి టేపు అంటిస్తోంది.

"వదినా, మీకు నామీద కోపం ఉంటే నాతో తేల్చుకోండి. అందరి పొట్ట మీదా కొట్టకండి."

ఆడపడుచు టేపును పళ్ళతో తెంపింది. "రెండోది కూడా పడిందా?"

"మీకెలా తెలుసు?"

"నీ మొహమే చెప్తోంది. మొదటిదానికీ ఇలాగే పెట్టావు, పెనం మీద మాడినట్టు."

ఆమె ఉత్తరంలోని మాటలు అప్పజెప్పింది. ఆడపడుచు విన్నది. కబుర్ల ముక్క దగ్గర నవ్వు ఆపుకోలేక దగ్గుగా మార్చింది. అది చూసి ఆమెకు ఒళ్ళు మండింది. మీరు రాయకపోతే ఇంకెవరు రాస్తారు, నా పని పాడైతే సంతోషించేది మీరొక్కరే కదా అని ఇన్నాళ్ళూ గొంతులో దాచుకున్నదంతా కక్కేసింది. పక్క బల్ల దగ్గర రింగులు తగిలించే ఇద్దరూ రింగులు లెక్కపెట్టడంలో ఒక్కసారిగా మునిగిపోయారు.

ఆడపడుచు లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అయ్యిందా? ఇప్పుడు నా మాట విను. కుళ్ళుకున్నాను. అబద్ధమెందుకు, కడుపు మండిపోయింది. నన్ను తెచ్చి ఈ అట్టపెట్టెల మధ్య పడేసినప్పుడు నువ్వు రాసేదాంట్లో ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని రోజూ వచ్చి చదివేదాన్ని. దొరికి చావలేదు. అంత బాగా రాసినదాన్ని చెడగొట్టడానికి నాకు చేతులు రావు తల్లీ. అది సరే, ఆ ముక్క ఎప్పుడు వెళ్ళింది?"

"నిన్న మధ్యాహ్నం, మూడింటికి."

"మూడింటికి నేనెక్కడున్నాను?"

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

"నీ స్కూటర్ వెనకాల, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. రంగుల అద్దకం వాళ్ళ దగ్గరికి ఎవరు తీసుకెళ్ళారు నన్ను? ఆ సందు మలుపులో నేను పెట్టిన కేక ఇంకా అక్కడే తిరుగుతుంటుంది, వెళ్ళి అడుగు."

రింగుల బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె అది వినలేదు. ముగ్గురిలో ఇద్దరు స్కూటర్ మీద ఉన్నారు. ముగ్గురిలోంచి ఇద్దరు పోతే ఎంతమంది మిగులుతారో చెప్పడానికి పోలీసులు రానక్కర్లేదు.

"ఆయనకి మెయిల్ తెరవడమే రాదు వదినా" అంది.

"రాదని ఎవరు చెప్పారు? నువ్వేగా. ఇన్నేళ్ళలో వాణ్ణి ఆ కుర్చీలో ఒక్కసారన్నా కూర్చోనిచ్చావా?" ఆడపడుచు మళ్ళీ టేపు చుట్ట అందుకుంది. ఈసారి గొంతు తగ్గించింది. "ఇంక నన్నడక్కు. వాడు నా తోడబుట్టినవాడు."

ఆమె చేతిలోకి చూసుకుంది. తెల్లటి గుడ్డపేలిక మీద నీలం మరక.

నీలం సుద్ద. లేతరంగు గుడ్డ మీద కత్తెర నడవాల్సిన దారి గీసే సుద్దముక్క. ఈ కప్పు కింద దాన్ని ముట్టుకునేది ఒక్కడే. పొద్దున్నే ఆనవాలు చేతికి దొరికితే, శుభ్రం చేస్తున్నాననుకుని తనే తుడిచేసింది.

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. ఆమె పరుగున వచ్చింది.

మేడమ్ జవాబు చూసినట్టుంది, మాస్టర్ అప్పటికే గాజు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఫోటోలోని కోటులాంటిదే కోటు. కిందటేడు ఆమె కొన్నది. బొత్తాం పట్టక తెరిచే వదిలేశాడు. వెనకాల, ఆమె పద్ధతి ప్రకారమే, గది పొడవునా కమ్మీకి తేనెరంగు కర్టెన్ వేలాడుతోంది. వీడియోలో మాట్లాడాల్సి వస్తే దాన్ని లాగి మూసెయ్యాలి. ఒక్క ముడత కనిపించకూడదు. దాని వెనకాల గాజు అవతల ఉండే గుడ్డల గుట్టలూ దారప్పోగులూ టీ గ్లాసులూ అసలే కనిపించకూడదు. కంప్యూటర్ తెర అంచున ఆమె మొదటి ఉత్తరం గొడవప్పుడే పెద్ద అక్షరాలతో రాసి అంటించిన కాగితం ఉంది, ఎప్పుడైనా మాట్లాడాల్సి వస్తే చదవడానికని.

"ఏవండీ" అంది ఆమె గుమ్మంలో నిలబడి. "నిన్న మూడింటికి మీరెక్కడున్నారు?"

అతను ఆమె చేతిలో పేలికను చూశాడు. నీలం మరకను చూశాడు. తన వేళ్ళ వంక చూసుకున్నాడు. జవాబు చెప్పేలోపు కంప్యూటర్ మోగింది.

ఆమె చప్పున పక్కకు, కెమెరాకు అందని మూలకు జరిగింది. సంస్థ పరువు కాపాడే అలవాటది. ఇల్లు తగలబడుతున్నా ముందు కెమెరా ముందునుంచి తప్పుకోవాలి.

మేడమ్ తెర మీదికి వచ్చింది. ఫోటోలో కంటే కళ్ళు ఎక్కువ అలసిపోయి ఉన్నాయి. ముత్యాలు మాత్రం అవే. చుట్టూ తిప్పకుండా మాట్లాడింది. కొత్త హోటల్ కిటికీల పని ఎవరికివ్వాలో సాయంత్రంలోపు పైవాళ్ళకు చెప్పాలని, మీ పేరే చెప్దామనుకున్నానని, ఇంతలో ఇదేమిటని అడిగింది. ఒకసారి దొంగ దూరాడంటే నమ్మానని, పాస్‌వర్డ్ మార్చాక కూడా దూరాడంటే ఎలా నమ్మమంటారని అంది. కసిరినట్టు అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మాస్టర్ గొంతు సవరించుకుని కాగితం వంక తిరిగాడు.

"మీకు కలిగిన అసౌకర్యానికి మా సంస్థ తరఫున హృదయపూర్వకంగా విచారిస్తున్నాం. మా ఖాతాను గుర్తు తెలియని వ్యక్తులెవరో..."

అక్కడ ఆగాడు. మూలలోంచి ఆమె పెదాలు కదిలించింది. దుర్వినియోగం చేశారు. దుర్వినియోగం చేశారు. అతను ఆమె వంక చూశాడు గాని అందుకోలేదు.

ఉత్తరాల్లో మీరు ఇలా తడబడరే అంది మేడమ్. ఆ మాటలో వెక్కిరింపు లేదు. పాత స్నేహితుణ్ణి గుంపులో వెతుకుతున్నట్టు ఉంది. "ఉత్తరాల్లో మాట్లాడినట్టే మాట్లాడండి చాలు. ఆ మనిషి చెప్తే నమ్ముతాను."

ఆ మనిషి. మాస్టర్ మొహం మీద ఏదో తెగింది. ఆమెకు అది స్పష్టంగా కనిపించింది. మొన్నమొన్నటి దాకా మేడమ్ ఫోటో చూసినప్పుడల్లా అద్దంలో తన మొహం మీద కనిపించిందే. ఇంతకాలం ఆ మంట తన ఒక్కదానిదే అనుకుంది.

అతను కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. కాగితాన్ని చించలేదు. జాగ్రత్తగా ఊడదీసి మడిచి ఆమె చేతిలో పెట్టాడు. తరవాత వెనక్కి తిరిగి తేనెరంగు కర్టెన్ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. రింగులు గలగలమంటూ కమ్మీ మీద పరిగెత్తాయి. గాజు అవతల వర్క్‌షాపు మొత్తం బయటపడింది. గుడ్డల గుట్టలు, సగం కుట్టిన అంచులు, నేలంతా దారాలు, వెనక గది గుమ్మంలో మూతి మీద టేపు ముక్కతో నిలబడిపోయిన ఆడపడుచు. మిషన్లు ఒకటొకటే ఆగిపోయాయి.

ఆమె కాళ్ళు కెమెరాకు అడ్డంగా కదిలాయి. అతను చెయ్యి అడ్డం పెట్టి ఆపి, ఆమె మణికట్టు పట్టుకుని తన పక్కకు లాగాడు. ఇద్దరూ తెరలో పడ్డారు. నీలం వేళ్ళ ముద్ర ఆమె మణికట్టు మీద పడింది.

కోటు విప్పి కుర్చీకి తగిలించి, అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. మిషన్ల మోత లేకపోయినా అలవాటుగా కొంచెం గట్టిగానే.

"మేడమ్, దొంగలెవరూ దూరలేదు. ఆ రెండు ఉత్తరాలూ నేనే రాశాను. ఒక్క వేలితో కొట్టుకుంటూ రాశాను, చాలాసేపు పట్టింది. మీకు నచ్చని ఆ రెండే నావి. నచ్చినవన్నీ ఈవిడవి. ఈవిడ నా భార్య. నా పేరు కింద రాస్తుంది, ఎందుకంటే నాకు మాట రాదు, కత్తెరొక్కటే వచ్చు. మొదట్లో బాగానే ఉండేది. ఆర్డర్లు వస్తున్నాయి, నవ్వుకునేవాళ్ళం. మీలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులని మీరు రాశారు చూడండి, ఆ రోజు ఈవిడ అది చదివి నా వంక చూసింది. కొలత తప్పిన గుడ్డను చూసినట్టు చూసింది. అప్పట్నుంచీ వాణ్ణి చూస్తే నాకు పడదు. ఆ ఉత్తరాల్లో ఉండేవాణ్ణి. వాడికి కోపం రాదు. వాడు అందరి మంచీ చెడూ గుర్తు పెట్టుకుంటాడు. నాకు టీ అక్కడ పెట్టానని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయే మనిషి, వాడి నోట్లో ఒక్కో మాటా పెట్టడానికి సాయంత్రమంతా కూర్చుంటుంది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి వాడి మాటలు పైకి చదువుకుంటుంటే ఈవిడ గొంతు ఎలా ఉంటుందో మీకు తెలీదు. నాతో అలా మాట్లాడి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. పక్కింటివాడెవడన్నా అయితే చొక్కా పట్టుకునేవాణ్ణి. నా పేరూ నా మొహమూ పెట్టుకుని తిరిగేవాణ్ణి ఏం చెయ్యమంటారు? అందుకే వాడి పరువు తీశాను. మీ ముందు వాడు చెడ్డవాడయిపోతే చాలనుకున్నాను. వీళ్ళందరి పనీ దాంతోపాటే పోతుందని ఆలోచించలేదు, అది నా తప్పే. కిటికీలు మాకివ్వడం మానడం మీ ఇష్టం. మీ పాత హోటల్లో వేలాడే కర్టెన్లు మాత్రం వాడు కత్తిరించలేదు, నేను కత్తిరించాను. ఇంకొకటి కూడా చెప్పేస్తాను, దాచి లాభం లేదు. నేను రాసినవి రెండు కాదు, మూడు. మూడోది మీకు కాదు, ఈవిడకి. కోపంలో రాసింది ఒక రాత్రి ఆపాలని ఈవిడే పెట్టిన పద్ధతి కదా, అందుకని నిన్న మీది పంపేసి దాన్ని ఆపాను. రాత్రి గడిచిపోయింది మేడమ్. పొద్దున మళ్ళీ చదివాను. ఒక్క మాట కూడా మార్చాలనిపించలేదు."